సరిహద్దు ఎవరి మాట?

మా ఆదోనిని మూడుసార్లు పంచుకున్నారు. 1800లో నిజాం దత్త మండలాలతో పాటు ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. 1921లో కాంగ్రెసు తన లెక్కల్లో ఆంధ్రకు రాసుకుంది. 1953లో ప్రభుత్వం అదే గీత మీద మళ్లీ గీత గీసి ఖాయం చేసింది. మొదటిసారి మమ్మల్ని అడగలేదని తప్పు పట్టేదేముంది? నవాబులూ కంపెనీలూ ఊళ్లను అడిగి పంచుకోవు. మూడోసారి జరిగింది అందరికీ తెలిసిందే. నన్ను వేధించేది నడిమిది. అప్పటికి పత్రికలున్నాయి. సభలున్నాయి, తీర్మానాలున్నాయి, అన్నిటికీ మించి ‘ప్రజాభిప్రాయం’ అనే మాట ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి ఇరవయ్యేళ్లూ మన సంపాదకీయాలు ఆ మాట మీదే బతికాయి. ఆ ప్రజల్లో మేమున్నామా?

కథ ఇది. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఆదోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం ఆ తాలూకాలోనివే. ఉత్తరాన తుంగభద్ర, ఏరు దాటితే నిజాం రాజ్యం. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1917లో ఆంధ్రకు వేరే శాఖ ఉండటానికి కాంగ్రెసు ఒప్పుకుంది. 1920 నాగపూర్ కాంగ్రెసులో దేశమంతటా భాషల వారీగా శాఖలు వేయాలనుకున్నారు. దాంతో బళ్లారి జిల్లా ఎవరిదన్న పేచీ వచ్చి పడింది. మాదంటే మాదని ఆంధ్ర, కర్ణాటక కాంగ్రెసులు రెండూ పట్టుబట్టాయి. తగువు తీర్చమని పూనా నుంచి నరసింహ చింతామణ్ కేల్కర్‌ని పెట్టారు. ఆయన తిలక్ అనుచరుడు, న్యాయశాస్త్రం చదివినవాడు, ‘కేసరి’ సంపాదకుడు. 1921లో తీర్పు చెప్పాడు: ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతా బళ్లారి కర్ణాటకకు.

ఆ తీర్పు న్యాయమా అన్యాయమా అని ఇప్పుడు వాదించబోవడం లేదు. ఆదోని తెలుగు ఊరు కాదని ఎవరంటారు? నేనీ వ్యాసం రాస్తున్నది తెలుగులోనే. చూడాల్సింది తీర్పుని కాదు, దాని వెనకున్న ప్రశ్నని. ఈ తాలూకాలో ఎక్కువమంది మాట తెలుగా, కన్నడమా? ప్రశ్నలో రెండే గడులు. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, పక్కింటి లింగాయతు ముసలమ్మతో కన్నడం మాట్లాడే మా దాదీ లాంటి మనిషిని ఏ గడిలో వేస్తారు? ఆ ముసలమ్మని మాత్రం ఏ గడిలో వేస్తారు? ఆమెకీ ‘హౌ’, ‘నక్కో’ వచ్చు. మా వైపు జనానికి ఒకటే నాలుక ఉండాలన్న నియమం ఎప్పుడూ లేదు. ఆ నియమం సభల్లో పుట్టింది, పత్రికల్లో పెరిగింది.

తీర్పు చెప్పినాయన సంపాదకుడు, వకీలు చదువు చదివినవాడు. రెండు వైపులా ముందు నిలబడ్డవాళ్లలోనూ వకీళ్లే ఎక్కువ. వాళ్ల వాదనలు జనానికి చేరేది సంపాదకుల చేతుల మీదుగానే. ఇందులో కుట్ర ఉందని కాదు. ఆ రోజుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అక్షరం రాదు. రాజకీయమైనా, పత్రికైనా, నాటకమైనా చివరికి ప్లీడర్ల చేతుల్లోకే చేరేది. అయితే ఈ నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాటలకి ప్రజాభిప్రాయం అని పేరు పెట్టారు చూడండి, అక్కడుంది తిరకాసు.

తెలుగు పత్రికల చరిత్రలు చదివితే ఆ ఇరవయ్యేళ్లు స్వర్ణయుగం. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. అమృతాంజనం సీసాలు అమ్మిన డబ్బుతో ఒక జాతికి నోరిచ్చాడాయన, కాదనను. బందరులో ముట్నూరి కృష్ణారావు ‘కృష్ణాపత్రిక’ని 1907 నుంచి 1945లో చనిపోయేదాకా నడిపాడు. 1926లో అనంతపురంలో పప్పూరి రామాచార్యులు ‘శ్రీ సాధన పత్రిక’ పెట్టాడు, అదే ఏడు హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ తెచ్చాడు. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలు దారి మా ఊరి మీదుగానే. మద్రాసు పత్రిక రైలెక్కితే గుంతకల్లు దాటి ఆదోనిలో దిగుతుంది. దిగిన కట్ట ఎవరింటికి పోయేది? ప్లీడరు ఇంటికి, పత్తి షావుకారు గద్దె మీదికి, హైస్కూలు మేష్టరు దగ్గరికి. వాళ్ల అరుగుల మీద నాలుగు మాటలు చెప్పుకుంటే ఊరి అభిప్రాయం. ఆ అరుగు మీద సాయిబు కూర్చోలేదా అంటే కూర్చున్నాడు. వార్త వినడానికి కూర్చున్నాడు. వార్తలో కనపడటానికి కాదు.

కనపడ్డ సందర్భం ఒకటుంది. 1921 సెప్టెంబరు 14న గాంధీతో కలిసి రైల్లో పోతున్న మౌలానా మహమ్మదలీని వాల్తేరు స్టేషన్లో అరెస్టు చేశారు. ఖిలాఫత్ రోజులవి. హిందూ ముస్లిం భాయి భాయి అన్న కేకలతో సభలు దద్దరిల్లేవి. ఆ కేకల్లో నిజం లేదనను. కానీ గమనించండి, అదే ఏడాది కేల్కర్ ఆదోని లెక్క తేల్చాడు. ఒక వైపు టర్కీ ఖలీఫా కోసం ముస్లింల అభిప్రాయం కావాలి. ఇంకో వైపు సొంత తాలూకా ఏ భాష రాష్ట్రంలో ఉండాలన్నప్పుడు ముస్లింలకి అభిప్రాయం ఉంటుందన్న ఊహే లేదు. వార్తకెక్కిన ముస్లిం రైల్లో పోతున్న ముస్లిం. ప్లాట్‌ఫారం మీద మూటలు మోస్తున్న ముస్లిం వార్త కాదు. 1924 మార్చిలో టర్కీవాళ్లే ఖిలాఫత్‌ని రద్దు చేసుకున్నారు. దాంతో మా అభిప్రాయంతో పని కూడా తీరిపోయింది.

అలాగని మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టలేదనుకుంటే పొరపాటు. సర్కారు బాగానే లెక్కపెట్టింది. 1909 చట్టం ముస్లింలకి వేరే నియోజకవర్గాలిచ్చింది, 1919 చట్టం, 1935 చట్టం వాటిని కొనసాగించాయి. ఆస్తీ పన్నూ చదువూ ఉన్న కొద్దిమందికే ఓటు గనక అక్కడా అభిప్రాయం జమీందారు సాహెబుదే, వకీలు సాహెబుదే. ఆ సంగతి అలా ఉంచినా, ఆ కాలంలో మనుషుల్ని రాసుకోవడానికి రెండు రిజిస్టర్లు తెరుచుకున్నాయి. ఒకటి సర్కారుది, అందులో గడి మతం. ఇంకొకటి కాంగ్రెసుది, పత్రికలది, అందులో గడి భాష. హిందువు రెండింట్లోనూ ఉన్నాడు. సర్కారు రిజిస్టర్లో సాధారణ ఓటరు, పత్రికల రిజిస్టర్లో ఆంధ్రుడు, లేకపోతే కన్నడిగుడు. ముస్లిం పేరు మాత్రం మొదటి రిజిస్టర్లోనే ఉంది. మతం ఉన్న మనిషిగా ఉన్నాడు, భాషా ఊరూ ఉన్న మనిషిగా లేడు. తర్వాత డెబ్భై ఎనభై ఏళ్లు మా మీద వేసిన నింద ఏమిటి? ‘వీళ్లకి మతమే గానీ ప్రాంతాభిమానం లేదు, భాషాభిమానం లేదు’ అని. మమ్మల్ని ఆ రిజిస్టర్లో రాయకుండా వదిలేసి, అందులో మీ పేరు లేదేమని అడగడం!

మద్రాసు రాష్ట్రపు జనాభా లెక్కల్లో మా ఇంటి మాటని హిందుస్తానీ అని రాసేవాళ్లు. మాకు తెలిసిన పేరు కాదది. అయినా రాశారు, కాలమ్ ఉంది, అంకె ఉంది. గీతలు గీసేటప్పుడు ఆ అంకెతో ఎవరికీ పని పడలేదు.

ఇంకో తమాషా ఉంది. ఆదోని తెలుగుదని రుజువు చేయడానికి వకీలు ఏ మాటలతో వాదిస్తాడు? ‘జిల్లా’, ‘తాలూకా’, ‘అర్జీ’, ‘దస్తావేజు’, ‘వకాల్తా’, ‘రుజువు’, ‘ఖరారు’, ‘దాఖలా’. అసలు ‘వకీలు’ అన్న మాటే మాది. మాది అంటే ముస్లింల సొత్తని కాదు, ఫారసీ దారిలో వచ్చి దక్కనీతో పాటు తెలుగు నోట్లో కరిగిపోయిన మాట. చివరికి ఏ గీత కోసం కొట్లాడుకున్నారో ఆ గీత పేరు చూడండి: సరిహద్దు. సర్, హద్. రెండు ముక్కలూ అక్కణ్ణుంచి వచ్చినవే. కన్నడంవాడూ ‘సరహద్దు’ అనే అన్నాడు. అంటే ఇద్దరూ కలిసి మూడో భాషలో తగవులాడుకుని, ఆ తాలూకాలో రెండు భాషలే ఉన్నాయని తేల్చుకున్నారు. పత్తి మార్కెట్లో దలాలీ, జమ, ఖర్చు, వసూలు, బాకీ, రసీదు. షావుకారు కోమటి అయినా లింగాయతు అయినా కిర్దు పుస్తకంలో రాసేవి ఈ మాటలే.

భాషావేత్తలు వీటికి ‘అన్యదేశ్యాలు’ అని పేరు పెట్టారు. ఆ పేరు నన్ను ఎప్పుడూ గుచ్చుతుంది. నాలుగైదు వందల ఏళ్లు ఈ నేల మీద నలిగిన మాట ఇంకా అన్యదేశం నుంచి వచ్చిన మాటేనా? పత్రికలు పెరిగిన కొద్దీ ‘అర్జీ’ స్థానంలో ‘విజ్ఞప్తి’, ‘దాఖలా’ స్థానంలో ‘నిదర్శనం’ వచ్చి కూర్చున్నాయి. గిడుగు రామమూర్తి వ్యవహారిక భాష కోసం 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికే పెట్టి పోరాడాడు. ఆయన పోరాటం లేకపోతే నాలాంటివాడు తెలుగులో రాయగలిగేవాడే కాదు, ఆ రుణం ఒప్పుకుంటాను. అయితే గ్రాంథికవాదులూ వ్యవహారికవాదులూ ఏళ్ల తరబడి తిట్టుకున్న తిట్లలో ‘శిష్టులు’ ఎవరన్నదే చర్చ. ఆదోని కోట కింద తెలుగు మాట్లాడే సాయిబుల వ్యవహారం ఎవరి వ్యవహారికం కిందికి వస్తుందని ఎవరికీ తోచలేదు. నిజానికి మా తెలుగుని అచ్చులో పెట్టింది ఎగతాళికే. సినిమాల్లో నాటకాల్లో ‘నీకీ నాకీ’ అని మాట్లాడే సాయిబు అక్కణ్ణుంచే వచ్చాడు.

నాటకాల సంగతి వచ్చింది గనక బళ్లారి గురించి చెప్పాలి. వకీళ్ల అభిప్రాయం ఎలా ఊరి అభిప్రాయం అవుతుందో చూడాలంటే బళ్లారి రంగస్థలాన్ని మించిన చోటు లేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు, కోలాచలం శ్రీనివాసరావు వకీలు, బళ్లారి రాఘవ వకీలు. కోలాచలం విజయనగర పతనం మీద రాసిన రామరాజు నాటకంలో రాఘవ వేసిన పఠాన్ వేషం తెలుగు దేశమంతా చెప్పుకున్న వేషం. రాఘవ చిన్న మనిషి కాదు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలన్నాడు, వేయించాడు. 1920ల చివర ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాతో మాట్లాడి వచ్చాడు. ఆ పఠాన్‌ని వట్టి రాక్షసుడిలా కాకుండా మనిషిలా ఆడాడని పెద్దలు చెప్పుకునేవారు. ఆడే ఉంటాడు. నా బాధ రాఘవతో కాదు, ఆ వేషం మీద సాగిన విమర్శతో. నటన ఎంత గొప్పదో చెప్పడం దగ్గరే అది ఆగిపోతుంది. మా తాలూకాలకి అంత దగ్గర ఊళ్లో విజయనగర పతనం ఆడుతున్నప్పుడు చివరి బెంచీల్లో సాయిబులు కూర్చున్నారా, కూర్చుంటే ఏమనుకున్నారు అన్నది విమర్శకి ప్రశ్నే కాలేదు. ముస్లిం అంటే గొప్ప నటుడు వేయాల్సిన వేషం. ప్రేక్షకుడు కాదు.

విజయనగరం పోయాక ఆదోని బిజాపూర్ సుల్తానుల చేతికొచ్చింది. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ ఏలిన సిద్ది మసూద్ ఖాన్ హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాల మనిషి. మా జామియా మసీదు ఆయన కట్టించిందే. మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది కూడా ఆయనేనని మఠం సంప్రదాయం చెబుతుంది. ఆ మంచాలే మంత్రాలయం. ఒక హబ్షీ ముస్లిం ఇచ్చిన ఊరు, ఒక మాధ్వ సన్యాసి, కన్నడం మాట్లాడే భక్తులు, చుట్టూ తెలుగు పల్లెలు. ఈ ఊరు ఏ భాషదో ‘కేసరి’ సంపాదకుడు పూనా నుంచి వచ్చి చెప్పాలి!

ఇంతవరకూ చదివి మావాళ్లు కొందరు సంబరపడొచ్చు. ఆగండి. ఉర్దూ పత్రికలు మమ్మల్ని నెత్తిన పెట్టుకున్నాయా? 1912లో కలకత్తా నుంచి ‘అల్ హిలాల్’ తెచ్చిన అబుల్ కలాం ఆజాద్ కలం ముందు తల వంచని ఉర్దూ పాఠకుడు లేడు. లాహోర్‌లో జఫర్ అలీ ఖాన్ ‘జమీందార్’ ఉంది. హైదరాబాదులో 1920ల నుంచి ‘రహ్బరే దక్కన్’ ఉంది. బాల్కన్ యుద్ధం, ఖిలాఫత్, అలీగఢ్, అసఫ్ జాహీ దర్బారు... వీటిలో తుంగభద్రకి ఈవలున్న దక్కనీ ముస్లిం ఎక్కడున్నాడు? నిజాం ప్రజ కాదు గనక హైదరాబాదుకి పట్టడు. నజాకత్ ఉన్న ఉర్దూ రాదు గనక లాహోర్‌కి ఆనడు. 1923లో నసీరుద్దీన్ హాష్మీ ‘దకన్ మే ఉర్దూ’ రాసి, ఉర్దూకి దక్కన్ గడ్డ మీద ఎంత పాత చరిత్ర ఉందో చూపించాడు. మౌల్వీ అబ్దుల్ హక్ ఔరంగాబాదు నుంచి 1921లో ‘ఉర్దూ’ అనే త్రైమాసిక పెట్టి బిజాపూర్, గోల్కొండ కావ్యాల్ని వెలికి తీశాడు. పండితులంతా వాహ్వా అన్నారు. చనిపోయిన దక్కనీకి దక్కిన ఆ గౌరవం బతికున్న దక్కనీకి దక్కలేదు. నుస్రతీ రాస్తే కావ్యం, మా అమ్మ మాట్లాడితే మోటు. ఉర్దూ వృత్తిపండితుల అభిప్రాయం అది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. ముషాయిరాల్లో దక్కనీ అంటే నవ్వించేవాడి వంతు.

భాషని మతానికి కట్టేయని మనుషులు ఆ రోజుల్లో లేకపోలేదు. హైదరాబాదులో మందుముల నరసింగరావు 1920ల చివర ‘రయ్యత్’ అనే పత్రిక నడిపాడు. అది ఉర్దూ పత్రిక. తెలుగు హిందువు ఉర్దూలో రైతు పేరుతో పత్రిక పెట్టి నిజాం సర్కారుని నిలదీశాడు. ఇవతల పిఠాపురంలో ఉమర్ ఆలీషా తెలుగులో పద్యం చెప్పి మెప్పించాడు. వీళ్లిద్దరినీ చరిత్రకారులు వింతలుగా చెబుతారు. చూశారా సాయిబు పద్యం రాశాడు, చూశారా రెడ్డో రావో ఉర్దూలో రాశాడు అని. రెండు గడుల రిజిస్టర్లోంచి చూసేవాళ్లకి అవి వింతలే.

దూదేకులవాళ్లని తీసుకోండి. పత్తి ఊళ్లో దూది ఏకే మనుషులు. వాళ్ల నమాజు అరబ్బీలో, పెళ్లి నిఖా, ఇంట్లో మాట తెలుగు. దక్కనీ చాలామందికి రాదు. జనాభా లెక్కల్లో వాళ్లని విడిగా ఒక కులంగా రాశారు. ఉర్దూ పత్రిక లెక్కలో వాళ్లు సగం ముస్లింలు, తెలుగు పత్రిక లెక్కలో సగం తెలుగువాళ్లు. రెండు సగాలు కలిపితే ఒక మనిషి కావాలి కదా, కాలేదు. ఆదోనిలో జిన్నింగ్ ఫ్యాక్టరీల పొగగొట్టాలు లేచాక చేతి విల్లుతో దూది ఏకేవాడి గతి ఏమైందన్నది ఏ సంపాదకీయానికీ ఎక్కే విషయం కాదు. బళ్లారి వైపు ఇదే మనుషుల పేరు పింజారలు, నదాఫులు. 1921లో కాంగ్రెసు కాగితం మీద గీసిన గీత 1953 తర్వాత రెండు రాష్ట్రాల గీత అయింది. దూదేకుల ఇంటి ఆడపిల్లని సిరుగుప్పలో ఇస్తే ఆమె సర్టిఫికెట్టు మీద కులం పేరే వేరు. ఆ గీత గురించి ఆ కులాన్ని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది కదా.

వృత్తి తెలిసినవాళ్ల అభిప్రాయం అంటే నల్లకోట్ల అభిప్రాయమేనా? ఎమ్మిగనూరులో మగ్గాలున్నాయి. ఊరి పేరులో కన్నడ ‘ఎమ్మె’ ఉందంటారు, అంటే బర్రె. మగ్గం గుంటల్లో కన్నడం, తెలుగు రెండూ వినపడతాయి. ఆ ఇరవయ్యేళ్లలో మన జాతీయ పత్రికలు బట్ట గురించి రాసినంతగా దేని గురించీ రాసి ఉండవు. ఖద్దరు, రాట్నం, విదేశీ వస్త్ర దహనం. ఎంతసేపూ వడికేవాడి గురించే, కట్టేవాడి గురించే. నేసేవాడి కష్టం వేరు. చేతి వడుకు నూలు మగ్గం మీద తెగుతుంది, ఒకే తీరుగా ఉండదు, పని సాగదు. నేతగానికి మిల్లు నూలు కావాలి. అది వాడితే ఖద్దరు కాదు. ఈ ముడి మగ్గం దగ్గర కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. వాడి వృత్తి, వాడి జ్ఞానం. కానీ ఖద్దరు మీద అభిప్రాయం చెప్పే అర్హత మాత్రం ప్లీడరుది. దేశభక్తి కొలిచే గజం బద్ద వాడి చేతిలో లేదు గనక నేతగాడు గమ్మునున్నాడు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘం పెట్టాడు. నూలు ఇవ్వడం, బట్ట కొనడం, అమ్మడం అన్నీ సంఘమే చూసింది. అది దేశానికే తెలిసిన సంఘం అయింది. వ్యాసం రాయకుండా అభిప్రాయం చెప్పడమంటే ఇదే అనిపిస్తుంది నాకు. మా వకీళ్లు తాలూకా ఏ భాషదని తగువులాడుకుంటుంటే, సోమప్ప నేతగాణ్ణి భాష అడగలేదు, మగ్గం ఉందా అని అడిగాడు.

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. శ్రీబాగ్ అంటే మద్రాసులో ‘ఆంధ్రపత్రిక’ నాగేశ్వరరావు గారి బంగళా. పత్రిక యజమాని ఇంట్లో కూర్చుని కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ రాసుకున్న కాగితం. పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు మొదలైనవాళ్లు సంతకాలు చేశారు.  సీమ భయాలన్నీ అందులోకెక్కాయి. నీళ్లు, యూనివర్సిటీ, రాజధాని, హైకోర్టు, శాసనసభ సీట్లు. ఎక్కాల్సినవే, ఇప్పటికీ తీరనివే. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1928లో నంద్యాల సభలో ‘దత్త మండలం’ అన్న పేరు అవమానమని చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్నాడు. పేరు బాగుంది, మేమూ చెప్పుకుంటున్నాం. అయితే ఆ పేరు విజయనగరాన్ని పిలిచింది. తర్వాతి మూడు వందల ఏళ్లని, అంటే మసూద్ ఖాన్‌ని, మా కోట కింద గోరీలో పడుకున్న బసాలత్ జంగ్‌ని గుమ్మం బయటే నిలబెట్టింది. రాయల పేరు పెట్టుకున్నప్పుడు కనీసం ఆ రాయల సైన్యంలో ముస్లిం సైనికులున్నారన్న సంగతైనా గుర్తుంచుకోవాలి కదా. పత్రికలు ఆ సంగతి ఎత్తలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కేల్కర్ చెప్పిన ఆ మూడు తాలూకాలే వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. సంపాదకుల ప్రజాభిప్రాయం ముప్పై రెండేళ్ల తర్వాత అక్షరం పొల్లుపోకుండా చట్టమైంది.

ఇదంతా పాత కథ, ఇప్పుడెందుకు అనేవాళ్లకి నా ఉద్యోగం సంగతి ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక తెలుగు పత్రికలో ఉర్దూ వచ్చని నన్ను తీసుకున్నారు. రంజాను నెల వస్తే నా బల్ల మీద పని పడేది. సహర్ వేళలు, ఇఫ్తార్ విందులు, ఈద్గా ఫోటో కింద రెండు వాక్యాలు. తుంగభద్ర దిగువ కాలవ నీళ్ల మీద, పత్తి ధర మీద నేను రాసిచ్చిన వార్తలు వేరేవాళ్లకి పోయేవి. ‘నీకు మైనారిటీ బీట్ ఉంది కదా’ అనేవాళ్లు. నీళ్లూ పత్తీ మైనారిటీ విషయాలు కావట. ఇంకోటి, మా పత్రికల్లో ‘ముస్లిం సోదరులు’ అని రాయడం ఒక ఆచారం. ‘ముస్లిం సోదరులు ప్రార్థనలు చేశారు’, ‘ముస్లిం సోదరులకు శుభాకాంక్షలు’. ‘హిందూ సోదరులు వినాయక చవితి చేసుకున్నారు’ అని ఏనాడైనా చదివారా? వాళ్లు ‘ప్రజలు’. సోదరుడంటే ఇంటికొచ్చినవాడన్నమాట.

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ఉర్దూని రెండో అధికార భాషగా రాష్ట్రమంతటికీ చట్టం చేసింది. ఆ రోజు నా తెలుగు మిత్రుడొకాయన, మంచివాడే, అభ్యుదయవాది, ఎదురుపడి ‘మీవాళ్లకి మంచి జరిగింది’ అని చేయి పట్టుకున్నాడు. సంతోషమే. మా వీధి దూదేకుల పిల్లలకి ఉర్దూ అక్షరం రాదు, వాళ్లు మావాళ్లే. ఈ మిత్రుడి పూర్వీకులు ఏటి అవతల రాయచూరు వైపు వాళ్లు, నిజాం ప్రజలు. వాళ్ల తాతల నాటి పొలం దస్తావేజులన్నీ ఉర్దూలోనే ఉన్నాయి. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో చదివి పెట్టమని, నిరుడు ఆ కట్టని గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికే తెచ్చాడు.